నా గొంతుతో మాట్లాడిన మామిడి

మంచి కబురు వచ్చినప్పుడు నా రెండు చేతులూ ఖాళీగా లేవు. ఎడమ చేత్తో టెంక నుంచి మొలిచిన మామిడి మొక్కను కదలకుండా పట్టుకున్నాను. కుడి చేత్తో ప్లాస్టిక్ పట్టీ కొసను సాగదీసి పట్టుకున్నాను. అత్తయ్య ఆ పట్టీని అంటు చుట్టూ బిగుతుగా చుడుతున్నారు. అంటు కట్టేటప్పుడు ఆవిడ ఊపిరి కూడా నెమ్మదిగా తీసుకుంటారు. సరిగ్గా అప్పుడే షేడ్ నెట్ పక్కకి లాగి మౌళి లోపలికి దూకాడు. ఒక కాలికే చెప్పు ఉంది.

"హైమా! కుండీ తిప్పి ఎంతసేపైంది! చూళ్ళేదా?"

"కుండీ సంగతి తర్వాత. ముందు ఆ నెట్టు ముయ్యి, ఎండ కొడతంది" అన్నారు అత్తయ్య తల ఎత్తకుండా.

"అమ్మా, యూనివర్సిటీ వాళ్ళు ఫోన్ చేసేరు. మన మొక్కచెవి చెప్పిందంతా నిజవేనంట! వాళ్ళ పొలంలో పెట్టి చూసుకున్నారంట. ఒక్కటీ తప్పు పోలేదంట!"

నేను పట్టీ వదిలేశాను. వదలకూడదు, కానీ వదిలేశాను. అత్తయ్య ఆ కొసను టక్కున పళ్ళతో పట్టుకుని, అలాగే చుట్టు పూర్తిచేసి, ముడి వేసి, అప్పుడు నవ్వారు. "మీ సంబరం మండ. మొక్క పడిపోయేది."

కుండీ సంగతి చెప్పకపోతే మా ఇల్లు మీకు అర్థం కాదు. డాబా మెట్ల మొదట్లో ఒక మరువం కుండీ ఉంది. దాని అంచు ఒకచోట విరిగింది. విరిగిన వైపు వీధిలోకి చూస్తుంటే విశేషమేమీ లేదు. గుమ్మం వైపు చూస్తుంటే, "డాబా మీదికి రా" అని అర్థం. పెళ్లైన మొదటి వారంలో మౌళీ నేనూ పెట్టుకున్న గుర్తు అది. కడియపులంకలో నర్సరీ ఉన్న ఇల్లంటే పొద్దున్నే కూలీలు, మధ్యాహ్నం లారీలు, సాయంత్రం మొక్కలు కొనేవాళ్ళు. కొత్త పెళ్ళికూతురు అందరి ముందూ మొగుణ్ణి పేరు పెట్టి పిలవలేదు కదా. అందుకని కుండీ. మేం చాలా తెలివైనవాళ్ళం అనుకున్నాం. ఒకరోజు మా మామయ్య సూరిబాబు గారు గొట్టంతో గులాబీలకు నీళ్ళు పెడుతూ, "కోడలు గారండీ, కుండీ తిరిగిందండి. పొయ్యి మీద పాలు నేను చూసుకుంటాను, మీరెళ్ళండి" అన్నారు. ఆ పూట సిగ్గుతో నేను అన్నానికి కూడా కిందికి రాలేదు.

మొక్కచెవి చూడ్డానికి బట్టలు ఆరేసేటప్పుడు పెట్టే క్లిప్పులా ఉంటుంది. మొక్క కాండానికి తగిలిస్తే చాలు. కాండం లోపల నీళ్ళు సన్నటి దారాల్లా పైకి పాకుతాయి. దాహమేసినప్పుడు ఆ దారం తెగి, టిక్కుమని చప్పుడవుతుంది. అది మన చెవికి అందదు. దాహానికి ఒక తీరు చప్పుడు, పురుగు కొరికితే ఇంకో తీరు, కత్తి పడితే వేరే తీరు. ఏ తీరు దేనిదో విడదీసింది నేను. ఎమ్మెస్సీ బోటనీ ఊరికే పోలేదు. ఆ చప్పుళ్ళను పట్టే యంత్రం కట్టింది మౌళి, ఎలక్ట్రానిక్స్ వాడు. కాకినాడలో చదువుకునే రోజుల్లో మిగతావాళ్ళు సినిమా పాటలు పంపుకుంటే మేం బంతిమొక్కల చప్పుళ్ళు పంపుకున్నాం. ఇంతకంటే తియ్యటి ప్రేమ ఎవరికైనా ఉందేమో నాకు తెలీదు.

చెవికి మూడు చిన్న దీపాలు పెట్టాం. దాహమేస్తే నీలం, పురుగు పడితే పసుపు, కోత పడితే ఎరుపు. నర్సరీలో వరసంతా తగిలించాక అత్తయ్య చూసి, "మనకి అప్పుడే దీపావళి వచ్చేసిందేంటే" అని మురిసిపోయారు.

ఆ రోజు అత్తయ్య కట్టింది మామూలు అంటు కాదు. ఆవిడ పుట్టింటి వైపు, బుర్రిలంక కాలవగట్టున ఒక మామిడి చెట్టు ఉంది. దాని పండు కోస్తే వేయించిన జీలకర్ర వాసన వస్తుంది. అందుకే జీలకర్ర మామిడి అంటారు. మా పెళ్ళి విందులో ఆ కాయ పచ్చడి తిన్నవాళ్ళు ఇప్పటికీ నాకు ఫోన్ చేసి అడుగుతారు, నన్ను పలకరించడానికి అన్నట్టు మొదలుపెట్టి. ఆ తీరు చెట్టు మాకు తెలిసి ఇంకోటి లేదు. గట్టు రోడ్డు వెడల్పు చేస్తున్నారు కాబట్టి ఇంకో రెండు వారాల్లో దాన్ని కొట్టేస్తారు. దాని కొమ్మల్ని వేరే మొక్కలకు అంటు కట్టి బతికించుకోవడం ఒక్కటే దారి. మామయ్య కట్టినవి ఎప్పుడూ ఎండిపోయాయి. కోసిన చోట జిగురు కమ్మేసేలోపు కట్టెయ్యాలి, అత్తయ్య చేతి వేగమే దానికి సరిపోతుంది. ఆవిడ ముందుగానే కొమ్మల చివర ఆకులు గిల్లి, మొగ్గలు ఉబ్బడం కోసం ఆగుతున్నారు. అన్నిటికంటే ముందు ఉబ్బిన ఒక్క పుల్ల తెచ్చి కట్టి చూశారు. నేను పట్టీ వదిలేసింది దానిదే. ఆ అంటుకు రెండు చెవులు తగిలించాం, కింద మొక్కకు ఒకటి, పైన పుల్లకు ఒకటి.

ఆ సాయంత్రం అత్తయ్య సేమ్యా పాయసం చేశారు. మౌళి గ్లాసు పక్కన పెట్టి, "అందరూ వరండాలోకి రండి. నా దగ్గర ఇంకోటుంది" అన్నాడు. అప్పటికే అతని చెవులు ఎర్రబడ్డాయి. అతని చెవులు ఎర్రబడ్డాయంటే ఏదో పిచ్చిపని చేశాడన్నమాట. నాకు తెలిసిన గుర్తుల్లో అది ఎప్పుడూ తప్పదు.

ఆషాఢంలో నన్ను పుట్టింటికి పంపేశారు కదా. ఆ నెలంతా నేను బొబ్బిలిలో, అతను ఇక్కడ. బెంగపెట్టుకుని, నేను ఫోన్లో పంపిన మాటలన్నీ పోగేసి, వాటిని మొక్కచెవిలోకి ఎక్కించాడు. దీపం వెలిగే బదులు మాట.

మల్లె కుండీ దగ్గర బుడ్డి స్పీకరు పెట్టి మీట నొక్కాడు. మల్లె నా గొంతుతో అంది: "ఏవండీ, దాహమేస్తోందండీ."

మామయ్య గొట్టం తీసుకుని పరుగెత్తారు. "వస్తన్నానండీ, వస్తన్నాను!" మల్లె తర్వాత చేమంతి అడిగింది. తర్వాత నందివర్ధనం. అత్తయ్య నవ్వలేక స్తంభం పట్టుకున్నారు. "మీరు నలభై ఏళ్ళలో నాకెప్పుడైనా అడగ్గానే మంచినీళ్ళిచ్చేరా?" అన్నారు మామయ్యతో.

"నువ్వు 'ఏవండీ' అని ఇంత మెత్తగా ఎప్పుడన్నావు పల్లాలూ?" అని మామయ్య అత్తయ్యను పేరు పెట్టి దెప్పారు.

అంత సంతోషంలోనే అత్తయ్య గులాబీ కొమ్మ ఒకటి వంకరగా ఉందని, బొడ్లో దోపుకున్న అంటు కత్తితో అలవాటుగా చిన్న కోత కోశారు.

"అమ్మా!" అంది గులాబీ.

నా గొంతే. నిజమైన కేక. ఆషాఢంలో ఒకరోజు మౌళికి మాటలు పంపుతూ దోసె వేస్తుంటే వేలు పెనానికి తగిలి అరిచాను. ఆ అరుపును అతను కోతకు పెట్టాడు. "నీ దగ్గర్నుంచి వచ్చిన కేక అదొక్కటే ఉంది మరి" అన్నాడు తర్వాత, గోళ్ళు కొరుకుతూ.

అత్తయ్య ఆ కోసిన కొమ్మను చూశారు. నన్ను చూశారు. కత్తిని చీరచెంగుతో తుడిచి, గుడ్డలో చుట్టి, బియ్యం డబ్బా వెనక పెట్టేశారు.

గొంతు ఆ పూటే తీసేశాం. మళ్ళీ దీపాలే. అయినా కత్తి బియ్యం డబ్బా వెనకే ఉండిపోయింది.

మర్నాటి నుంచి మా ఇంట్లో చారులో కరివేపాకు లేదు. శ్రావణ శుక్రవారం పూజకి రాలిపడిన పారిజాతాలే ఏరుకొచ్చారు అత్తయ్య. మా పెళ్లయ్యాక మొదటి వ్రతం, తలలో పెట్టుకోవడానికి పూల నర్సరీలో ఒక్క పువ్వు లేదు! మామయ్య దొంగచాటుగా కొత్తిమీర తుంచబోతే, "మీ చెయ్యి మీద గిల్లితే ఎలా ఉంటదో చూస్తారా?" అని గిల్లి మరీ చూపించారు.

అదంతా నవ్వుకోవచ్చు. జీలకర్ర మామిడి మాత్రం నవ్వులాట కాదు. చెట్టు మీద మొగ్గలు ఉబ్బుతున్నాయి. అవి విచ్చితే పుల్లలు పనికిరావు. విచ్చకపోయినా చెట్టే ఉండదు. నేను ఈ ఇంటికి తెచ్చిన మొదటి సారె ఇదేనా అనిపించింది: ఇన్నేళ్ళ చేతిపనిని అత్తయ్య చేతిలోంచి లాగేసుకోవడం.

"అది నొప్పి కాదండీ" అని చెప్పి చూశాను. "లోపల నీటి దారం తెగిన చప్పుడు, అంతే. మొక్క మనతో ఏదో చెప్పాలని చెయ్యదు. మనమే దాన్ని పట్టుకుని గుర్తుగా వాడుకుంటున్నాం."

"నువ్వు నోరు తీసేసేవు. మరి లోపల జరిగేది ఆగిందా?" అన్నారు అత్తయ్య, బెండకాయల వంక చూసి, వాటిని వదిలేసి, బంగాళాదుంపలు అందుకుంటూ.

మౌళికి మాటలకంటే యంత్రాల మీద నమ్మకం ఎక్కువ. ఒక చెవికి మళ్ళీ నా గొంతు ఎక్కించి, తీసుకెళ్ళి ప్రెషర్ కుక్కర్‌కి తగిలించాడు. మొదటి కూత రాగానే కుక్కర్, "అమ్మా!" అంది. మామయ్య నర్సరీ చివర్నుంచి పంచె ఎగ్గట్టుకుని వచ్చేశారు. "కోడలికేవైంది? కోడలికేవైంది?"

"నాకేం కాలేదు మామయ్యా, పప్పు ఉడికింది."

"చూసేవా అమ్మా?" అన్నాడు మౌళి. "కూతే కదా అది. ఇన్నాళ్ళూ కుక్కరు కూస్తంటే నువ్వు ఏడ్చేవా? హైమ గొంతు పెడితేనే ఏడుపులా ఉంది."

అత్తయ్య ముందు పొయ్యి కట్టేశారు. తర్వాత గరిటెతో మౌళి నెత్తిన ఒకటి వేశారు. "కుక్కరు రేపు చిగురు పెడద్దిరా? మొక్క పెడద్ది. రెండూ ఒకటేనా?"

ఈ గొడవంతా మౌళి పెట్టిన గొంతు వల్లేనన్న కోపంలో మెట్ల దగ్గరికి వెళ్ళి కుండీని గోడవైపు తిప్పాను. ఇంతకుముందు ఎప్పుడూ అలా తిప్పలేదు. సాయంత్రం మౌళి దాని ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు.

"ఇలా అంటే ఏంటి?"

"తెలీదు. మీ మీద కోపం అనుకోండి."

"సరే. గోడవైపంటే కోపం" అని బుద్ధిగా తల ఊపాడు, కొత్త మాట నేర్చుకున్నవాడిలా. నాకు నవ్వొచ్చింది. కానీ కుండీని మాత్రం తిప్పలేదు.

వాన పట్టిన ఒక పొద్దున, మొదటి అంటు దగ్గర చెవుల బ్యాటరీలు మార్చడానికి వెళ్ళాను. అత్తయ్య కత్తి పక్కన పెట్టకముందు కట్టింది అదొక్కటే. షేడ్ నెట్ మీద వాన పడుతోంది. బ్యాటరీ సరిగా కూర్చుందో లేదో చూద్దామని ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాను. ఎడమ చెవిలో కింద మొక్క, కుడి చెవిలో పైన పుల్ల. మనకు వినపడేలా చప్పుళ్ళను స్థాయి తగ్గించి, నెమ్మదిగా చేసి వినిపిస్తుంది యంత్రం.

కట్టిన రోజు నేను విన్నప్పుడు రెండూ ఒకరి ఊసు ఒకరికి పట్టనట్టు ఉన్నాయి. కింది మొక్క తీరుబడిగా, పైన పుల్ల కంగారు కంగారుగా. ఇప్పుడు ఎడమ చెవిలో టిక్. ఒక్క క్షణం ఆగి, కుడి చెవిలో టిక్. మళ్ళీ ఎడమ. మళ్ళీ కుడి. కిందికి అందిన నీళ్ళు పైకి అందుతున్నాయి. అతుకు దాటుతున్నాయి!

నేను గంతులేశాను. నిజంగానే. బురదలో.

తర్వాత ఆగి ఆలోచించాను. వెళ్ళి "అంటు పట్టింది" అని చెప్తే అది మళ్ళీ నా గొంతే అవుతుంది. కొత్తగా ఓ పచ్చదీపం పెట్టించి వెలిగిస్తే అది మౌళి గొంతు. అందుకని ఏమీ చెప్పకుండా, వరండాలో చేటలో బియ్యం ఏరుతున్న అత్తయ్య పక్కన కూర్చుని, ఆవిడ చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టాను. కట్టిన రోజు చప్పుళ్ళు ముందు వినిపించాను.

అత్తయ్య కళ్ళు మూసుకున్నారు. ఎడమ చూపుడువేలు చేట మీద నెమ్మదిగా పడుతోంది. కుడి వేలు గబగబా. ఆవిడ ముఖం ముడుచుకుంది. నేను ఆ రోజుటి చప్పుళ్ళు ఆపి, ఈ రోజువి పెట్టాను.

ఎడమ వేలు పడింది. కుడి వేలు ఆగింది. ఎడమ వేలు, తర్వాత కుడి వేలు. ఎడమ, కుడి. బియ్యపు గింజలు చేటలో చిన్నగా ఎగురుతున్నాయి. ఆవిడ పెదవులు కదులుతున్నాయి గానీ ఏమీ అనడం లేదు. చిన్నపిల్లను జోకొట్టే లయలోకి వచ్చేశాయి ఆ రెండు వేళ్ళూ.

కళ్ళు తెరిచి నా వైపు తిరిగారు.

"కోసినప్పుడూ ఇదే చప్పుడా?"

"ఇదేనండీ. తీరు మారుతుంది, అంతే."

"తాగుతున్నప్పుడూ ఇదే?"

"ఇదే."

"ఇందులో నొప్పి ఉందో లేదో నీకు తెలుసా?"

"నాకు తెలీదండీ. ఉందని ఈ చప్పుడు చెప్పదు. లేదనీ చెప్పదు."

అత్తయ్య ఇయర్‌ఫోన్ తీసి చేటలో పెట్టారు. "మరి ఆ రోజు 'అమ్మా' అన్నదెవరు?"

"నేనేనండీ. ఆషాఢంలో. దోసె వేస్తుంటే వేలు కాలింది."

ఆవిడ చేట కింద పెట్టేశారు. "వేలు కాలిందా? ఏదీ?"

చూపించాను. కొస మీద ఇంకా చిన్న మచ్చ ఉంది. ఆవిడ నా వేలు వెలుతురుకేసి తిప్పి, తన బొటనవేలితో రాసి చూశారు. "ఇల్లంతా ఆ కేక విన్నాం. మొక్కకి నొప్పెట్టిందని ఇన్నాళ్ళు కూరలో కరివేపాకు మానేసేను. ఒక్కళ్ళమైనా నీ వేలు చూసేమా? మీ అమ్మ వెన్న రాసిందా?"

"రాసిందండీ."

"వెన్న కాదు రాయాల్సింది. కలబంద రాయాలి. నర్సరీ ఇంటి కోడలివి, ఆమాత్రం తెలీదా?"

అని లేచి, పెరట్లోకి వెళ్ళి, కలబంద మట్ట ఒకటి చేత్తో పట్టుకుని క్షణం ఆగారు. తర్వాత దాన్ని రెండుసార్లు మెల్లగా తట్టి, పుటుక్కున విరిచారు. మానిపోయిన మచ్చకి ఆ గుజ్జు రాస్తుంటే నేను వద్దనలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను సంతోషం వచ్చినా ఏడుస్తాను, ఆ గుర్తు మౌళికి మాత్రమే తెలుసు అనుకునేదాన్ని. అత్తయ్య చూసి, "ఊఁ, చాల్లే" అన్నారు.

కత్తి మాట మాత్రం ఎత్తకుండా, గొడుగు వేసుకుని ఎక్కడికో వెళ్ళిపోయారు.

సాయంత్రం వాన వెలిసింది. మెట్ల దగ్గరికి వస్తే కుండీ గుమ్మం వైపు తిరిగి ఉంది! మౌళి రాజీకొచ్చాడన్నమాట. తలలో పువ్వు లేకపోయినా జడ సవరించుకుని డాబా మీదికి పరుగెత్తాను. మౌళి నా వెనకే రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చాడు. "తిప్పేవు కదా! కోపం పోయిందా?"

"నేను తిప్పలేదు. మీరు కాదూ?"

"నేను తిప్పేను" అన్నారు అత్తయ్య. నీళ్ళ ట్యాంకు పక్కన సానరాయి ముందు కూర్చుని ఉన్నారు. చేతిలో కత్తి. మామయ్య రాయి మీద నీళ్ళు చల్లుతున్నారు. "ఈ కుండీ భాష వచ్చింది మీ ఇద్దరికేనా? కానీ కోడలా, మొన్న గోడవైపు తిప్పేవే, అదేంటో నాకు అంతుపట్టలేదు."

"కోపం అండీ" అన్నాను తలదించుకుని.

"ఓహో." ఆవిడ మామయ్య వైపు చూశారు. "బాగుంది. నాక్కూడా పనికొస్తది."

"నా పనైపోయింది" అన్నారు మామయ్య.

అత్తయ్య కత్తి అంచును గోటి మీద పెట్టి చూసుకున్నారు. "చెట్టు దగ్గరికెళ్ళొచ్చేను. మొగ్గలు రేపటికి సరిగ్గా ఉంటాయి. ఎల్లుండి వస్తారంట కొట్టేవాళ్ళు." గొంతు కొంచెం తగ్గింది, మళ్ళీ నిలబడింది. "ఇన్నేళ్ళూ చెప్పకుండా కోసేదాన్ని. రేపు కోసే ముందు మాను మీద రెండుసార్లు తడతాను. దానికి తెలుస్తదా అని అడక్కు, హైమా. నాకు తెలుస్తది, చాలు."

నేను కత్తి చుట్టిన గుడ్డ తీసి మడతపెట్టాను.

"రేపు తెల్లారగట్లే బయల్దేరదాం. ఏవండీ, మీరు టెంక మొక్కలన్నీ ఆటోకి ఎక్కించండి, గట్టు మీదే కట్టేద్దాం. హైమ పట్టీ పట్టుకుంటది, ఈసారి ఎవరు ఎంత మంచి కబురు తెచ్చినా వదలదు. మౌళీ, నువ్వు ఆ యంత్రాల చెవులన్నీ తీసుకురా."

ఆవిడ కత్తిని మళ్ళీ రాయి మీద పెట్టారు.

"నోరు మాత్రం ఇంట్లో వదిలేసి రా."